పాత మినీకి చిక్కటి ఆయిలే ఎందుకు?

1959లో బ్రిటన్‌లో విడుదలైన మినీ కారు పొడవు సుమారు 3 మీటర్లే. చోటు కలిసిరావాలని రూపకర్త అలెక్ ఇసిగోనిస్ గేర్‌బాక్స్‌ను ఇంజిన్ కిందే అమర్చారు. అందుకే రెండింటికీ ఒకటే ఆయిల్!

గేర్ల పళ్ల మధ్య నలిగి ఆయిల్ త్వరగా పలచబడుతుంది. అప్పుడు లోహాల మధ్య ఉండే సన్నని ఆయిల్ పొర తెగి, భాగాలు ఒరుసుకుని అరిగిపోతాయి.

అందుకే చిక్కటి ఆయిల్ కావాలి. మరి దాన్ని ఎలా ఎంచుకోవాలి? డబ్బా మీద ‘20డబ్ల్యు-50’ అని చూసుకోవాలి. ‘డబ్ల్యు’ అంటే వింటర్. చలికి కొబ్బరినూనె పేరుకోవడం చూశారుగా? ఇంజిన్ ఆయిల్ కూడా చలికి చిక్కబడుతుంది. 20 చలిలో దాని తీరును, 50 వేడెక్కాక మిగిలే చిక్కదనాన్ని చెబుతాయి. కొత్త కార్ల ‘0డబ్ల్యు-20’ పాత మినీకి మరీ పలచన. సరైన ఆయిల్ పోసినా, గేర్లు నలిపేస్తాయి కాబట్టి తరచూ మార్చాల్సిందే.