గుండు ఎక్కడ ఆగుతుంది?

మా నల్లజర్ల మెట్టలో నలుగురు రైతులు ఎక్కడ కూర్చున్నా మాట అడవిపందుల మీదికే పోతోంది. లేత ఆయిల్‌పామ్ మొక్కల మొవ్వు తినేస్తున్నాయి, మొక్కజొన్న పడగొడుతున్నాయి, చెరకు నమిలి పారేస్తున్నాయి. రాత్రంతా డబ్బాలు వాయిస్తే రెండు రోజులు జంకుతాయి, మూడో రోజు మళ్లీ దిగుతాయి. నేను సైన్యంలో చేసి వచ్చానని, కుర్ర సిపాయిలకు రైఫిల్ నేర్పానని ఊళ్లో తెలుసు. అందుకే ఆ మాట చివరికి నా దగ్గరికి వస్తుంది. మా వీధి కుర్రాడొకడు మొన్న ఫోన్లో వీడియో చూపించి మరీ అడిగాడు: "బాబాయ్‌గారండీ, ఈ మాగ్నమ్ రైఫిలైతే కిలోమీటరు దూరంలో ఉన్న పందినైనా పడగొట్టేస్తదంట కదండీ?"

అరుగు మీద రెండు ముక్కల్లో చెప్పి పంపేసే ప్రశ్న కాదిది. ఆ వీడియోలు చూసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు తూటా సంగతి. రైఫిల్ తూటాలో నాలుగు ఉంటాయి: ఇత్తడి ఖోకా, దాని అడుగున సూది దెబ్బకు మండే ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. మాగ్నమ్‌లో గుండు మందం మామూలు రైఫిల్ గుండు మందమే ఉండొచ్చు. దాని వెనక ఖోకా మాత్రం పెద్దది, అందులో పట్టే మందు ఎక్కువ. నేను సర్వీసులో వాడిన 7.62 ఎస్‌ఎల్‌ఆర్ తూటాను, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తూటాను పక్కపక్కన నిలబెడితే రెండింటి గుండ్లూ 7.8 మిల్లీమీటర్ల మందమే. పొడవు మాత్రం మొదటిది 71 మిల్లీమీటర్లు, రెండోది 85. మాగ్నమ్‌ను వేళ్ల మధ్య తిప్పితే ఇంకోటి తగులుతుంది: ఖోకా అడుగున ఉంగరంలాగా ఉబ్బిన ఒక పట్టీ.

ఆ పట్టీ వెనక వేటగాళ్ల చరిత్ర ఉంది. 1912లో లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ .375 మాగ్నమ్‌ను తెచ్చింది. ఆఫ్రికాలోనూ మనదేశంలోనూ పెద్ద జంతువుల వేటకు దొరలకీ రాజాలకీ అమ్మిన తూటా అది. అప్పట్లో కార్డైట్ అనే మందు సేమ్యా పుల్లల్లా పొడుగ్గా ఉండేది. దానికీ, వేడి దేశాల్లో ఖోకా గొట్టం మొదట్లోని గదిలో ఇరుక్కోకుండా సులువుగా బయటికి రావడానికీ ఖోకాను పొడుగ్గా, ఏటవాలుగా చేశారు. అంత ఏటవాలు ఖోకా గదిలో ఎక్కడ ఆగాలో తేల్చడానికే ఆ పట్టీ. 1925లో అదే కంపెనీ ఆ ఖోకా మూతిని సన్నం చేసి .300 మాగ్నమ్ తెచ్చింది. అదీ వేటకే. కానీ 1935లో అమెరికాలోని క్యాంప్ పెర్రీలో జరిగిన వింబుల్డన్ కప్పును, అంటే 1000 గజాల దూరపు పోటీని, బెన్ కంఫర్ట్ అనే ఆయన ఆ తూటాతోనే గెలిచాడు. వేట తూటా దూరపు గురికి పనికొస్తుందని లోకానికి తెలిసింది అక్కడే. 1963లో వచ్చిన .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ ఆ వంశంలోదే. మన సైన్యం 2019లో నియంత్రణ రేఖ దగ్గర స్నైపర్లకు ఇచ్చిన బెరెట్టా రైఫిళ్లది .338 లపువా మాగ్నమ్ తూటా. దాని పుట్టుక కూడా 1911 నాటి .416 రిగ్బీ అనే వేట తూటా ఖోకా నుంచే.

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఈ మాగ్నమ్‌లు మా చేతికి రాలేదు. తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అనే అంటారు, రెండు ప్రపంచ యుద్ధాలకూ ఇంటింటి నుంచీ మనుషులు వెళ్లిన ఊరు. ఆ ఊరివాళ్లను చూసి సైన్యంలో చేరినవాళ్లలో నేనొకణ్ని. నా చేతికొచ్చిన రైఫిళ్లు మొదట ఎస్‌ఎల్‌ఆర్, తర్వాత ఇన్సాస్, కొంతకాలం డ్రాగునోవ్. మాగ్నమ్ పేల్చింది రిటైరయ్యాక, టెక్సస్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడ తుపాకీ ముట్టుకోవాలంటే ఆ దేశపు వేట లైసెన్సు చేతిలో ఉండాలి. మావాడు అది ముందే తీయించాడు. ఊరికి దూరంగా ఉన్న రేంజి. 1000 గజాల అవతల, అంటే 914 మీటర్ల దూరాన, గొలుసులకు వేలాడదీసిన ఇనప పలక.

ట్రిగ్గర్ నొక్కాక గుండు పలకను చేరడానికి ఒకటిన్నర సెకను పట్టింది. పలక మోగిన శబ్దం వెనక్కి రావడానికి ఇంకో రెండున్నర సెకన్లు. పేల్చి, శ్వాస వదిలి, రైఫిల్ మళ్లీ నిలబెట్టుకున్నాక వినపడుతుంది ఆ "ఠంగ్". ఆ నాలుగు సెకన్ల ఎడం అర్థమైతే దూరపు గురి సగం అర్థమైనట్టే.

పెద్ద తూటాతో వచ్చే లాభం ఎంతో చూద్దాం. 7.62 తూటాలో మందు మూడు గ్రాముల లోపు. .300 మాగ్నమ్‌లో నాలుగున్నర గ్రాములు. అంటే ఒకటిన్నర రెట్ల పైమాటే. గుండు వేగం మాత్రం సెకనుకు 790 మీటర్ల నుంచి 885 మీటర్లకు, అంటే సుమారు 12 శాతం పెరుగుతుంది. గుండు కూడా కాస్త బరువైనదే, అదీ లెక్కలోకి తీసుకోవాలి. వంద గజాలకు జీరో చేసిన, అంటే గురి సరిచేసిన, రైఫిల్‌తో 1000 గజాలకు పేల్చితే 7.62 గుండు గురి గీతకు సుమారు 10 మీటర్లు కిందికి పడుతుంది. మాగ్నమ్ గుండు సుమారు 7 మీటర్లు. పక్కనుంచి గంటకు 16 కిలోమీటర్ల గాలి వీస్తే మొదటిది రెండున్నర మీటర్ల దాకా కొట్టుకుపోతుంది, రెండోది రెండు మీటర్ల దాకా. లాభం ఉంది, కాదనను. కానీ ఏడు మీటర్లు కిందికి పడడాన్నీ రెండు మీటర్ల గాలి తోపునూ లెక్కగట్టాల్సింది మనిషే. ఆ పని ఏ తూటా చేసిపెట్టదు.

ఆ లాభానికి ఖర్చూ ఉంది. ఒకటిన్నర రెట్ల మందు కాలితే గొట్టం మొదట్లోని ఉక్కు అంత త్వరగా అరుగుతుంది. ఒకటిన్నర వేలో రెండు వేలో తూటాలకు మాగ్నమ్ గొట్టం గురి చెడడం మొదలవుతుంది. భుజానికి తగిలే దెబ్బ కూడా ఒకటిన్నర రెట్లే. దెబ్బకు భుజం నొప్పిపుడితే అది పెద్ద విషయం కాదు, మనసు జడిస్తేనే ముప్పు. ట్రిగ్గర్ పడబోయే క్షణంలో కళ్లు మూసుకుంటాయి, భుజం ముందుకు తోసుకుంటుంది, గొట్టం మూతి కిందికి వంగుతుంది. మేం కుర్రాళ్లకు నేర్పేటప్పుడు అసలు తూటాల మధ్య ఒక డమ్మీ పెట్టి ఇచ్చేవాళ్లం. పేలని తూటా మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు మూతి ఎలా గుంజుకుంటుందో పక్కవాళ్లందరికీ కనిపించేది. తర్వాత ఖాళీ రైఫిల్ గొట్టం చివర రూపాయి బిళ్ల పెట్టించి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం సాధన చేయించేవాళ్లం. వారాల తరబడి అదే పని. అక్కడ నిలిచిన చేతికే పెద్ద తూటా పనికొస్తుంది.

గాలి గురించి ఇంకాస్త చెప్పాలి, మన ప్రాంతానికి అదే ముఖ్యం. ఆకివీడు వైపు కొల్లేరు గట్టు మీద నిలబడి చూడండి. ఒక కిలోమీటరు పొడవునా ఒకే గాలి ఉండదు. గట్టు మీద ఒక ఊపు, చేపల చెరువు నీళ్ల మీద ఇంకో ఊపు, కొబ్బరి చెట్ల వరుస దాటాక మరొకటి. మధ్యాహ్నం దాటితే దక్షిణం నుంచి పైరగాలి లేస్తుంది. వేసవిలో పడమటి గాలి కొడుతుంది. స్కోపులోంచి చూస్తే నేల మీద ఎండమావి అలలు కనిపిస్తాయి. అవి ఎటు వాలి పారుతున్నాయో చూసి గాలి ఎంతో అంచనా కట్టడం స్నైపర్ పక్కన కూర్చునే జోడీదారు పని. ఇక వేడి. గుండు పడే లెక్కల పట్టికలు మామూలుగా 15 డిగ్రీల వాతావరణానికి వేస్తారు. మా నల్లజర్లలో మే నెలలో 42 డిగ్రీలుంటే గాలి సాంద్రత సుమారు 9 శాతం తగ్గుతుంది, గుండు అనుకున్నదానికంటే పైన తగులుతుంది. ఎండలో పెట్టిన తూటాలో మందు కూడా వేగంగా కాలుతుంది. ఇవన్నీ కలిపి చూసుకోవాలి.

ఇప్పుడు ఆ పలక బదులు పందిని నిలబెడదాం. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఒక పాతిక సెంటీమీటర్ల వెడల్పు. వంద గజాలకు గుండ్లన్నీ అంగుళం గుంపులో వేసే మంచి రైఫిల్, గాలి అసలే లేని రోజున, 1000 గజాలకు ఆ పాతిక సెంటీమీటర్లలోనే గుండ్లను చెదరగొడుతుంది. దూరాన్ని 20 మీటర్లు తప్పుగా అంచనా కడితే గుండు ఇంకో పాతిక సెంటీమీటర్లు పైకో కిందికో పోతుంది. గుండు గాల్లో ఉన్న ఆ ఒకటిన్నర సెకనులో మామూలు నడకన పోయే పంది రెండు మీటర్లు కదులుతుంది. ఫలితం పొట్టలో దెబ్బ, విరిగిన కాలు. అది తోటలో పడి రెండు రోజులు కొట్టుకుని చస్తుంది, లేదా ఎదురొచ్చిన కూలీ మీద పడుతుంది. జంతువును చంపాల్సి వస్తే దగ్గరికి వెళ్లి, ఒక్క దెబ్బలో చంపాలి. దూరం నుంచి పేల్చి చూద్దామనేది నాకు పాపంగానే తోస్తుంది.

నన్ను ఇంతకంటే కలవరపెట్టేది తప్పిన గుండు. మాగ్నమ్ గుండు కిలోమీటరు దగ్గర పడిపోదు. అక్కడ కూడా దానికి, 9 ఎంఎం పిస్టల్ గుండుకు మూతి దగ్గర ఉండే శక్తికి సుమారు రెట్టింపు మిగిలి ఉంటుంది. గొట్టం కాస్త పైకి ఉంటే నాలుగు కిలోమీటర్లు దాటి పోగలదు. సైన్యం రేంజిలో లక్ష్యాల వెనక ఎత్తయిన మట్టిగట్టు ఉంటుంది, దాని వెనక కిలోమీటర్ల కొద్దీ ప్రమాద ప్రాంతమని గుర్తిస్తారు, ఎర్రజెండాలు కడతారు, దారుల మీద సెంట్రీలను నిలబెడతారు. అదంతా ఉన్నాకే మొదటి తూటా. మా దగ్గర ఏముంది? నల్లజర్ల నుంచి తాడేపల్లిగూడెం దాకా మెట్ట దిగుతూ పోయి డెల్టాలో కలుస్తుంది. ఏ దిక్కుకు నాలుగు కిలోమీటర్లు పోయినా మధ్యలో ఒక ఊరో, పాకో, జాతీయ రహదారో తగలకుండా ఉండదు. ఆయిల్‌పామ్ తోటలో గెలలు కోసేవాళ్లు ఆకుల మరుగున కనపడరు. గట్టి ఎర్రనేల మీదా, చేపల చెరువు నీళ్ల మీదా ఏటవాలుగా తగిలిన గుండు ఎగిరి ఎటో పోతుంది. లక్ష్యం వెనక కొండ ఉంచుకుని పేల్చే నేల కాదిది. వేటగాళ్లు బాతులను కొట్టిన పాత రోజుల్లో కొల్లేట్లో వాడింది రవ్వల తుపాకీ, ఆ రవ్వలు రెండు మూడు వందల మీటర్లలో నీళ్లలో పడిపోయేవి. ఇప్పుడు ఆ వేట కూడా లేదు. 1999 నుంచి కొల్లేరు అభయారణ్యం.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు లేకుండా మందుతో పేల్చే ఏ తుపాకీ పెట్టుకున్నా నేరమే. .303 లాంటి సైనిక కొలతల రైఫిళ్లు పౌరులకు నిషిద్ధం, అందుకే మన దగ్గర లైసెన్సుదారుల చేతుల్లో ఎక్కువగా .315 కనిపిస్తుంది. పంట కాపలాకని చట్టం ప్రత్యేకంగా పేరు పెట్టి చెప్పింది మూతిలోంచి మందు కూరే తుపాకీని, అదీ లైసెన్సుతో. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన జంతువును కొట్టే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవిపంది 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూలులో ఉంది. పంటకు ప్రమాదమని తేలితే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణం రాసి, రాతపూర్వకంగా అనుమతివ్వాలి. అప్పుడు కూడా ఆ పని అనుభవమున్న షూటర్‌తో, దగ్గరి నుంచి, గుండు నేలలోకి దిగేలా చేయించాలి. దానికి మాగ్నమ్ అక్కర్లేదు.

మా వీధి కుర్రాడికి రైఫిల్ మీద ఉన్న ఇష్టం మంచిదే, దాన్ని చంపుకోమని చెప్పను. 4.5 మిల్లీమీటర్ల (.177) కొలతలో, మూతిశక్తి 20 జౌళ్ల లోపు ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది పది మీటర్ల దూరపు ఎయిర్ రైఫిల్‌తోనే. అక్కడ మధ్య చుక్క అర మిల్లీమీటరు. దాన్ని కొట్టే చెయ్యి కిలోమీటరుకూ పనికొస్తుంది. ఊపిరి, ట్రిగ్గర్, నిలకడ అక్కడే నేర్చుకోవాలి.

నా తోటి రైతులకు ఒక మనవి. పంట మీద పందులు పడితే కరెంటు తీగ కట్టకండి, నాటు తుపాకీ కొనకండి, ఎవరో పెద్ద రైఫిల్ తెస్తానంటే తోటలోకి రానివ్వకండి. పంట నష్టాన్ని ఫోటోలు తీసి, సర్వే నెంబరు రాసి, నలుగురైదుగురు రైతులు కలిసి సంతకాలు పెట్టి అటవీ రేంజి కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోండి. దరఖాస్తు రాసిపెట్టడానికి మనిషి కావాలంటే సాయంత్రం పూట మా ఇంటికి రండి.