జలచరాలు విడిచిన నీరు

చరక సంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసనీయమనే అధ్యాయం ఉంది. వేర్వేరు ప్రకృతులు గల జనులు ఒకే వ్యాధితో మూకుమ్మడిగా ఎందుకు నశిస్తారని అగ్నివేశుడు అడుగగా, వాయువు, జలం, దేశం, కాలం దుష్టి చెందడమే కారణమని ఆత్రేయ మహర్షి సెలవిచ్చారు. దుష్టజలానికి వికృతమైన వాసన, రంగు, రుచి, స్పర్శలతోపాటు మరి రెండు లక్షణాలు చెప్పబడ్డాయి: నీటిపక్షులు దానిని విడిచిపోతాయి, అందులోని ప్రాణులు క్షీణిస్తాయి. మా గురువుగారు ఈ పాఠం చెరువుగట్టుపైనే చెప్పేవారు. దోసిట నీరు పట్టేముందు తోకకప్పలున్నాయో లేవో చూడమనేవారు.

హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు విషయం చదివినప్పుడు ఆ మాట గుర్తుకు వచ్చింది. అక్కడ సుమారు 90 ఔషధ కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి వెలువడిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. చికిత్సలో రోగి రక్తానికి చేరే గరిష్ఠ పరిమాణంకన్నా ఇది ఎక్కువ. రోగి మింగవలసిన మందును వాగు మింగింది! శుద్ధి అయిన ఆ నీటినే 500 రెట్లు పలుచన చేసినా తోకకప్పల పెరుగుదల కుంటుపడిందని 2009 నాటి పరిశోధన తెలిపింది.

మురుగు చేరిన చెరువుల కథ వేరు. అక్కడ సూక్ష్మజీవులు మాలిన్యాన్ని కుళ్ళబెడుతూ నీటిలో కరిగిన ప్రాణవాయువును హరిస్తాయి. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. బొచ్చె, శీలావతి ముందుగా చస్తాయి. కొర్రమీను పైగాలిని పీల్చగలదు గనుక బ్రతుకుతుంది. దానిని చూసి, చేపలున్నాయి గదా, నీరు మంచిదేనని కొందరు భ్రమపడతారు.

చిల్లగింజ అరగదీసి వేస్తే ఇటువంటి నీరు బాగుపడదా అని పాఠకులు అడుగుతుంటారు. చిల్లగింజ మట్టిని, మడ్డిని అడుగుకు దించుతుంది. కరిగిన రసాయనాన్ని దించలేదు. మరిగించినా క్రిములు చస్తాయే గాని సీసం, కాడ్మియం వంటి లోహాలు పోవు.

మూలికల సంగతి మరీ కష్టం. నీటిబ్రహ్మి తాను పెరిగే నీటిలోని లోహాలను తనలోకి లాగుకుంటుంది. మేధస్సు కోసం పసిబిడ్డలకు ఇచ్చే మూలిక అది! కొర్రమీను ఒక్కటే మిగిలిన చెరువు నుంచి నేను బ్రహ్మిని తెప్పించడం మానుకున్నాను. ఇప్పుడు పెరట్లో, బావినీటితో, తొట్టిలో పెంచుకుంటున్నాను.