గ్యాసుపొయ్యి సంరక్షణ

తెల్లవారుజామున రేడియోలో మంగళవాద్యము వినవచ్చు వేళకు తెలుగువారి ఇండ్లలో మరియొక చిన్న చప్పుడు కూడ వినవచ్చును. లైటరు ‘టక్కు’మనును, వెంటనే నీలిమంట ‘భుగ్గు’మని లేచును. కాఫీకి పాలు పొయ్యిమీదికెక్కును, దినచర్య మొదలగును. ఆ మంటను మోసుకొని వచ్చు గొట్టము వయస్సెంతయో, మంట నీలముగా ఏల మండుచున్నదో ఆలోచించు తీరిక ఆ వేళ ఎవ్వరికిని ఉండదు. ఆ విషయములను తీరికగా ముచ్చటించుకొనుటకే ఈ ప్రసంగము.

ఈ సౌకర్యము మనకు మరీ ప్రాచీనమైనది కాదు. మన తల్లులు, అమ్మమ్మలు తడికట్టెలతోను, పిడకలతోను, ఊదుగొట్టముతోను అవస్థపడి, కన్నీరు తుడుచుకొనుచు వండిపెట్టినవారే. 1950వ దశకము నడుమ బొంబాయిలో గ్యాసు బండలు ఇండ్లకు రాసాగినవి. 1965లో ఇండియన్ ఆయిల్ సంస్థ కలకత్తాలో ఇండేన్ గ్యాసును ప్రవేశపెట్టినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆరంభమైన దీపం పథకము, దేశమంతటికిని 2016లో వచ్చిన ఉజ్జ్వల యోజన పేదల ఇండ్లకు సయితము బండను చేర్చినవి. పొగబాధ తగ్గినది. అయితే కట్టెలపొయ్యి వలని ప్రమాదము కంటికి కనబడును. గ్యాసు వలని ప్రమాదము కనబడదు. కట్టె అంటుకొనకున్నచో పొయ్యిలోనే పడియుండును. గ్యాసు అంటుకొనకున్నచో ఇల్లంతయు పరచుకొనును. ఈ భేదమును మనసున నుంచుకొన్నవారికి తక్కిన జాగ్రత్తలన్నియు సులభముగా బోధపడును.

బండలో ఉన్నది ప్రధానముగా ప్రొపేను, బ్యూటేను అను వాయువుల మిశ్రమము. దీనిని ఒత్తిడిచే ద్రవముగా మార్చి నింపుదురు. అందుచేతనే మన ఇంటి బండలో 14.2 కిలోగ్రాముల గ్యాసు ఇముడుచున్నది. ఈ ద్రవము ఒక లీటరు బయటికి వచ్చి వాయువుగా మారినచో సుమారు 250 లీటర్లగును. దీనికి స్వతహాగా వాసన లేదు. కారినపుడు మనకు తెలియుటకై ఈథైల్ మెర్కాప్టన్ అను ఘాటైన ద్రవ్యమును కొద్దిగా కలుపుదురు. ఆ వాసనయే మనకు హెచ్చరిక. మరియొక ముఖ్యవిషయము: ఈ గ్యాసు గాలికంటె ఇంచుమించు ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువైనది. కనుక పైకి పోక, నేలనంటి నీరువలె పల్లమునకు జారి, గట్టు క్రిందను, మూలలలోను, తూములలోను నిలుచును. గాలిలో ఇది నూటికి రెండు పాళ్ళు మొదలు తొమ్మిది పాళ్ళ వరకు కలసియున్నపుడు ఒక్క నిప్పురవ్వ చాలును.

ఇవన్నియు మేము చదివినవే. మైక్రోఫోను ముందు పలుమార్లు చెప్పినవే. అయినను ఒకనాటి రాత్రి మా ఇంటిలో జరిగినది చెప్పక తప్పదు. చివరి ప్రసారము ముగించుకొని ఇల్లు చేరితిమి. మంచినీళ్ళకై వంటయింటి గడప దాటగనే ముక్కునకు ఘాటు సోకినది. చేయి అలవాటు చొప్పున లైటు స్విచ్చి మీదికి పోయినది. అలికిడికి లేచిన మా అమ్మగారు వెనుకనుండి, “ఒరేయ్, లైటు వెయ్యకు! ముందు తలుపు తియ్యి!” అని కేక వేసిరి. ఆమె చదివినది మూడవ తరగతి వరకే. బండ తెచ్చు కుర్రవాడు ఎప్పుడో చెప్పిన మాట ఆమె మనసున నిలిచియున్నది. మా చదువు మాత్రము మా చేతిని ఆపలేకపోయినది. చీకటిలోనే తలుపులు తెరచి, రెగ్యులేటరు కట్టి, పిల్లలను లేపి, అందరము వీధి అరుగుమీద కూర్చుంటిమి. ఉదయము మెకానిక్కు వచ్చి చూడగా పొయ్యి వెనుక గొట్టము ఒకచోట పగిలియున్నది. దానిమీద అచ్చువేసిన గడువు రెండేండ్ల క్రిందటనే తీరిపోయినది. గొట్టము సకాలమున మార్చవలెనని నలుగురికిని చెప్పినవారము మేమే!

కనుక మొట్టమొదట, వాసన వచ్చినపుడు చేయవలసిన పనులను చెప్పుదుము. ఏ స్విచ్చిని వేయరాదు, వేసియున్నదానిని ఆర్పనురాదు. వేయుటలోను, ఆర్పుటలోను కూడ లోపల చిన్న నిప్పురవ్వ పుట్టును. గ్యాసును బయటికి పంపుదమని ఫ్యాను వేయుట మరింత ప్రమాదము. తలుపులు, కిటికీలు బార్లా తెరువవలెను. పొయ్యిమీది నాబులను, రెగ్యులేటరును కట్టవలెను. వీలైనచో రెగ్యులేటరు ఊడదీసి, బండ నోటికి ప్లాస్టిక్కు మూత బిగింపవలెను. ఇంటిలో దీపముగాని, అగరువత్తిగాని వెలుగుచున్నచో దానిని ఆర్పవలెను. మన ఇండ్లలో చాలవరకు దేవుని గూడు వంటయింటిలోనే ఉండును గనుక ఈ మాట ప్రత్యేకముగా చెప్పవలసివచ్చినది. పిమ్మట అందరును బయటికి వచ్చి, బయటనుండియే 1906 అను నంబరుకు ఫోను చేయవలెను. గ్యాసు కారుటను గూర్చి రాత్రింబవళ్ళు ఫిర్యాదు స్వీకరించుటకు ఏర్పడిన నంబరిది. ఘాటు పూర్తిగా పోయి, మెకానిక్కు చూచి చెప్పువరకు పొయ్యి వెలిగింపరాదు.

ఇక నిత్య సంరక్షణ. ఇది బండ ఇంటికి వచ్చిన నాడే మొదలు కావలెను. సీలు చెక్కుచెదరక ఉన్నదా, బరువు సరిపోయినదా అని చూచుటతో పాటు, బండ పైభాగమున పట్టీ లోపలివైపు వ్రాసియున్న అక్షరమును, అంకెలను కూడ చదువవలెను. ‘ఎ’ అనగా జనవరి మొదలు మార్చి వరకు, ‘బి’ అనగా జూను వరకు, ‘సి’ అనగా సెప్టెంబరు వరకు, ‘డి’ అనగా డిసెంబరు వరకు అని అర్థము. ప్రక్కనున్న అంకెలు సంవత్సరమును తెలుపును. ‘బి-28’ అని ఉన్నచో 2028 జూను నెలాఖరులోగా ఆ బండను మరల పరీక్షింపవలెనన్నమాట. గడువు దాటిన బండను తీసికొనరాదు. మూత తీయించి, బండ నోటిలో రబ్బరు వాషరు ఉన్నదో లేదో చూడవలెను. అక్కడ నీటిచుక్క వేసినపుడు బుడగలు లేచినచో బండను త్రిప్పి పంపవలెను. తెచ్చిన మనిషికి తొందర ఉండవచ్చును. ఆ రెండు నిమిషములు అడుగుట మన హక్కు.

బండను ఎల్లప్పుడును నేలమీద నిటారుగా నిలుపవలెను. పొయ్యి బండకంటె ఎత్తున గట్టుమీద ఉండవలెను. బండను గాలి చొరని బీరువాలో బిగించినచో కారిన గ్యాసు అందులోనే పోగుపడును. గ్యాసు అయిపోవచ్చినపుడు కొందరు బండను పడుకోబెట్టుదురు. మరికొందరు వేడినీళ్ళలో నిలుపుదురు. మరి రెండు పూటల వంట గడచునని వారి ఆశ. పడుకోబెట్టిన బండలోనుండి వాయువునకు బదులు ద్రవమే రెగ్యులేటరులోనికి వచ్చి, మంట అదుపు తప్పి ఎగయవచ్చును. వేడి తగిలిన బండలో ఒత్తిడి పెరుగును. ఆదా కోరి ఇంత సాహసము చేయరాదు.

రెగ్యులేటరు పని బండలోని అధికమైన ఒత్తిడిని పొయ్యికి తగినంతగా తగ్గించుట. దానిని ఇంటిలో విప్పి బాగుచేయ బూనరాదు. చెడినచో ఏజెన్సీలో ఇచ్చి మార్చుకొనవలెను. గొట్టము ప్రామాణిక ముద్ర కలదై, లోపల ఉక్కుతీగ అల్లిక గల సురక్షా గొట్టమై ఉండవలెను. దాని ఆయుస్సు అయిదేండ్లు. పొడవు ఒకటిన్నర మీటరును మించరాదు. చూచుటకు ఇంపుగా ఉండునని దానిమీద గుడ్డగాని, మరియొక గొట్టముగాని తొడుగరాదు, పగులు కనబడకపోవును. నెలకొకసారి తడిగుడ్డతో తుడిచి, అక్కడక్కడ వంచి చూచినచో సన్నని పగుళ్ళు బయటపడును. రెండు కొసలయందును సబ్బునురుగు పూసి, రెగ్యులేటరు తెరచి, పొయ్యి నాబులు మూసియుంచి చూడవలెను. బుడగలు లేచినచో గ్యాసు కారుచున్నదని గ్రహింపవలెను. ఈ పరీక్ష అగ్గిపుల్లతో చేయువారు నేటికిని ఉన్నారు. అంతకంటె అవివేకము లేదు.

పొయ్యిని శుభ్రపరచుట ఇంటివారే చేసికొనదగిన పని. రెగ్యులేటరు కట్టి, పొయ్యి చల్లారిన తరువాత బర్నరు మూతలను తీయవలెను. పాలు పొంగి, గంజి పొరలి గట్టిపడిన జిడ్డు రంధ్రములలో చేరియుండును. ఇత్తడి మూతలను చింతపండు పులుసు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో కొంతసేపు నానవేసి, సబ్బుతో, చిన్న బ్రష్షుతో తోమినచో జిడ్డు వదలును. పిమ్మట బాగుగా ఆరనిచ్చి, గాడిలో సరిగా కూర్చుండునట్లు అమర్చవలెను. అంతకుమించి లోపలి భాగములను మనము తాకరాదు. గ్యాసును చిమ్ము సన్నని జెట్టులో పిన్నీసుగాని, సూదిగాని పొడిచినచో రంధ్రము పెద్దదై, మంట పసుపురంగుకు తిరుగును. నాబు బిగిసినచో కొందరు కొబ్బరినూనె వేయుదురు. వేడికి ఆ నూనె బంకవలె ముదిరి నాబు మరింత బిగిసికొనును. దానికి తగిన గ్రీజు వేరే కలదు. అది మెకానిక్కు పని. ఏజెన్సీవారు అయిదేండ్లకొకసారి ఇంటికి వచ్చి చేయు తప్పనిసరి తనిఖీని “మా పొయ్యి బాగుగనే ఉన్నది” అని త్రిప్పివేయక చేయించుకొనవలెను.

పొయ్యి ఆరోగ్యము మంటను చూచి తెలిసికొనవచ్చును. తగినంత గాలి కలసి మండు మంట నీలముగా, నిలుకడగా ఉండును. పసుపురంగు నాలుకలు సాగుచు, గిన్నెల అడుగున మసి పట్టుచున్నదనగా గాలి చాలుట లేదని అర్థము. రంధ్రములు పూడియుండవచ్చును; గాలి చొచ్చు గొట్టములో సాలీడు గూడు కట్టియుండవచ్చును. అట్టి మంట గ్యాసును వృథాచేయును. గాలిని సయితము చెరచును.

ఈ సందర్భమున స్నానాల గదిలో అమర్చు గ్యాసు గీజరును గూర్చి హెచ్చరింపవలసియున్నది. మూసిన చిన్న గదిలో గ్యాసు మండుచున్నపుడు ప్రాణవాయువు తరిగి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని ఎఱ్ఱని పదార్థమును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా అంటిపెట్టుకొనును. తల తిరుగుట, వాంతి, నిస్త్రాణ కలిగి, మనిషి తలుపు తీయుటకైనను శక్తి లేక పడిపోవును. కనుక గీజరును స్నానాల గది వెలుపల, గాలి ఆడు చోటనే అమర్చవలెను. మండిన వాయువు గొట్టము ద్వారా బయటికి పోవలెను. కిటికీలు మూసిన గదిలో చలికాచుకొనుటకు గ్యాసు మంటను, బొగ్గుల కుంపటిని ఉంచరాదన్న నియమమునకు కూడ కారణమిదియే.

చివరగా కొన్ని చిన్న మాటలు. ముందు లైటరు చేతబట్టి, తరువాతనే నాబు త్రిప్పవలెను. వంట చేయునపుడు నూలుబట్టలు కట్టుకొని, పైట బిగించుకొనుట క్షేమము. పొయ్యి వెలుగుచుండగా బయటికి పోరాదు. పాలు పొంగి మంట ఆరినచో గ్యాసు వచ్చుచునే ఉండును. బండ మార్చునపుడు దేవుని దీపము కొండెక్కినదో లేదో చూచుకొనవలెను. రాత్రి పడుకొనబోవు ముందు నాబులు కట్టుటతో తృప్తిపడక, రెగ్యులేటరును కూడ కట్టవలెను. ఇంటిలో ఆడువారేగాక, మగవారును, ఎదిగిన పిల్లలును ఈ పని నేర్చుకొనవలెను. ప్రమాదము వచ్చినపుడు వంట చేయువారే ఇంటిలో ఉందురన్న నియమము లేదు.

మా ఇంటి వంటయింటి తలుపు వెనుక ఇప్పుడొక క్యాలెండరు వ్రేలాడుచున్నది. గొట్టము కొన్న తేదీ, మార్చవలసిన తేదీ దానిమీద పెద్ద అక్షరములతో వ్రాసియున్నవి. వ్రాసినవారు మా అమ్మగారు. సంవత్సరము మారి క్రొత్త క్యాలెండరు వచ్చినపుడెల్ల ఆ రెండు తేదీలను ఆమెయే దానిలోనికి ఎక్కించుచున్నారు. మీరును ఈ ప్రసంగము చదువుట ముగించి ఒక్కసారి వంటయింటిలోనికి పోయి, మీ గొట్టముమీది సంవత్సరమును చదువుడు.