పసిబిడ్డకు పొత్తిగుడ్డ: ఎలా చుట్టాలి, ఎప్పుడు మానాలి

క్రిస్మస్ నెలలో మన సంఘాల్లో తరచుగా వినిపించే మాటల్లో పొత్తిగుడ్డ ఒకటి. పిల్లల నాటికలో మరియ వేషం వేసిన అమ్మాయి చేతికి బొమ్మను తెల్లటి తువ్వాలులో చుట్టి ఇస్తాం. లూకా సువార్త 2వ అధ్యాయంలో గొల్లలకు దూత చెప్పిన ఆనవాలులో ఉన్నవి రెండే: పొత్తిగుడ్డలు, తొట్టి. ఇందులో తొట్టి వింతే గాని పొత్తిగుడ్డలు వింత కాదు. ఆ రోజుల్లో బిడ్డ పుట్టిన ప్రతి ఇంట్లో చేసే పనే అది. యెహెజ్కేలు 16వ అధ్యాయం చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. బొడ్డు కోయడం, నీళ్ళతో కడగడం, ఉప్పు రాయడం, గుడ్డలో చుట్టడం అక్కడ వరుసగా వస్తాయి. ఇవేవీ జరగని బిడ్డ అంటే దిక్కులేని బిడ్డ అని ప్రవక్త భావం. బిడ్డను గుడ్డలో చుట్టారంటే ఆ బిడ్డకు అయినవాళ్ళు ఉన్నారన్నమాట. (ఉప్పు మాత్రం ఇప్పుడు ఎవరూ రాయవద్దు. పసిచర్మం గుండా అది లోపలికి వెళ్ళి ప్రాణం మీదికి తెస్తుంది.)

మన ఇళ్ళలోనూ ఇది పాత అలవాటే. అమ్మమ్మ పాత చీర, తాతయ్య నలిగిన పంచె చింపి, ఉతికి, మడతలు పెట్టి పురిటికి ముందే సిద్ధం చేసేవారు. ఎన్నోసార్లు ఉతికిన నూలు గుడ్డ మెత్తగా ఉంటుంది, చెమట పీల్చుకుంటుంది, గాలి ఆడనిస్తుంది. ఇప్పుడు ఆ స్థానంలో బజారులో మస్లిన్ గుడ్డలు, టోపీ కుట్టిన దుప్పట్లు, జిప్పు సంచులు వచ్చాయి. గుడ్డ మారినా చుట్టే పద్ధతి మారలేదు. అందులో మంచి ఉంది, ప్రమాదం కూడా ఉంది. రెండూ తెలియాలి.

ముందు మంచి సంగతి. తొమ్మిది నెలలు ఇరుకైన చోట ముడుచుకుని పెరిగిన బిడ్డకు బయటి ఖాళీ కొత్త. తలుపు చప్పుడైనా, పక్కమీద పడుకోబెట్టినా రెండు చేతులూ ఒక్కసారిగా బారచాపి ఉలిక్కిపడుతుంది. డాక్టర్లు దీన్ని మోరో రిఫ్లెక్స్ అంటారు. ఇది జబ్బు కాదు, దిష్టి అసలే కాదు. ఆరోగ్యంగా పుట్టిన ప్రతి బిడ్డకూ ఉంటుంది, నాలుగైదు నెలలకు దానంతటదే పోతుంది. చేతులు మెత్తగా చుట్టి ఉంచితే ఆ ఉలికిపాటుకు బిడ్డ నిద్ర చెడదు, ఏడుపు తగ్గుతుంది. రాత్రంతా మేలుకున్న బాలింతకు ఒక గంట నిద్ర దొరికినా అది చిన్న మేలు కాదు.

ఇక ప్రమాదం. చూడటానికి వచ్చిన పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు, "కాళ్ళు తిన్నగా రావాలంటే గట్టిగా చుట్టాలమ్మా" అంటారు. రెండు కాళ్ళూ చాపి, దగ్గరకు చేర్చి, చీర అంచుతో కట్టెపుల్లల మోపులా బిగిస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ పసిబిడ్డ కాళ్ళు వంకరగా కనిపించడం లోపం కాదు. గర్భంలో మడుచుకుని ఉన్న కాళ్ళు నెమ్మదిగా, వాటంతటవే చాచుకుంటాయి. పుట్టిన నాటికి తుంటి కీలు ఇంకా చాలావరకు మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది. తొడ ఎముక పైన ఉన్న గుండ్రటి భాగం, దాన్ని పట్టి ఉంచే గిన్నెలాంటి గుంట, ఒకదానికొకటి సరిపడేలా పెరుగుతూ ఉంటాయి. ఆ దశలో కాళ్ళు చాపి బిగిస్తే ఆ గుండ్రటి భాగం గుంటలోంచి పక్కకు జరగవచ్చు. బిడ్డకు నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. నడక వచ్చాక కుంటుతున్నప్పుడు బయటపడుతుంది. అప్పటికి ఆపరేషన్ దాకా వెళ్ళాల్సి రావచ్చు.

దీనికి జపాన్ అనుభవం మంచి సాక్ష్యం. అక్కడ చంటిపిల్లల కాళ్ళు చాపి కట్టే అలవాటు ఉండేది, తుంటి తొలగిన పిల్లలు కూడా ఎక్కువగా ఉండేవారు. 1975 ప్రాంతంలో దేశమంతా ప్రచారం చేసి, బిడ్డ కాళ్ళను చాపి కట్టవద్దని తల్లులకు, అమ్మమ్మలకు నేర్పారు. ఆ తర్వాత అలాంటి కేసులు బాగా తగ్గాయి. మందు లేదు, యంత్రం లేదు, మారింది గుడ్డ కట్టే తీరు ఒక్కటే. ఆడపిల్లలకు, ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లలకు, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఈ సమస్య ఉన్న పిల్లలకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ. వాళ్ళ విషయంలో మరింత జాగ్రత్త కావాలి, పిల్లల డాక్టరు చేత తుంటి పరీక్ష చేయించాలి. మెడ నిలిచిన పిల్లల్ని మన ఆడవాళ్ళు చంకన ఎత్తుకుంటారు చూడండి, కాళ్ళు రెండు పక్కలా విడివడి, మోకాళ్ళు మడిచి ఉంటాయి. తుంటికి అది చాలా మంచి భంగిమ. ఈ విషయంలో మన పాత అలవాటు పుస్తకాల కంటే ముందే ఉంది.

మరి ఎలా చుట్టాలి? సుమారు మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న పలుచని నూలు గుడ్డ చాలు. ఒక మూల పైకి వచ్చేలా పరిచి, ఆ మూలను లోపలికి మడిచి, మడతకు సరిగ్గా బిడ్డ భుజాలు వచ్చేలా వెల్లకిలా పడుకోబెట్టండి. ఒక పక్క గుడ్డను చేతి మీదుగా తెచ్చి వీపు కిందికి దోపండి. కింది మూలను పైకి వదులుగా మడవండి. తర్వాత రెండో పక్కను తెచ్చి చుట్టండి. ఛాతీ దగ్గర మీ రెండు మూడు వేళ్ళు దూరేంత సందు ఉండాలి. నడుము కింద మాత్రం సంచిలా వదలాలి, బిడ్డ కప్పలా కాళ్ళు మడిచి పక్కలకు ఆడించగలగాలి. గుడ్డ భుజాలు దాటి మెడ మీదికి, ముఖం మీదికి రాకూడదు. పిన్నీసులు వద్దు.

చుట్టిన బిడ్డను ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. ఒత్తిగిలి కాదు, బోర్లా అసలే కాదు. చేతులు లోపల ఉన్న బిడ్డ బోర్లా పడితే తల తిప్పుకోలేదు, ముక్కు పక్కలో కూరుకుపోతుంది. అందుకే ఎప్పుడు మానాలన్నది ముఖ్యం. బిడ్డ ఒత్తిగిలడానికి ప్రయత్నం మొదలుపెట్టిన రోజే చుట్టడం ఆపేయాలి. చాలామందికి అది మూడు నాలుగు నెలలకు వస్తుంది, కొందరు రెండు నెలలకే మొదలుపెడతారు. నెలలు లెక్కపెట్టడం కంటే బిడ్డను గమనించడం మేలు. పురిటికి అమెరికా వెళ్ళే మన అమ్మమ్మలకు అక్కడి డాక్టర్లు చెప్పేదీ ఇదే. బరువు నింపిన స్వాడిల్ సంచులను వాడవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా చెబుతోంది, ఎంత ఖరీదైనవైనా సరే.

మన ఎండల సంగతి ఇక్కడ చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. మే నెలలో కరెంటు పోయిన ఇంట్లో కూడా ఊలు టోపీ, మేజోళ్ళు, ఉన్ని దుప్పటితో బిడ్డను మూటకట్టడం చూస్తూనే ఉంటాం. పుట్టిన మొదటి గంటల్లో వెచ్చదనం ప్రాణావసరం. బిడ్డను వెంటనే తుడిచి, తడి గుడ్డ తీసేసి, పొడిగుడ్డ కప్పి తల్లి గుండె మీద పెట్టాలి, తలకు టోపీ పెట్టాలి. కానీ నెల నిండిన ఆరోగ్యమైన బిడ్డకు వేసవిలో అదంతా అక్కర్లేదు. చేతులు, కాళ్ళు చల్లగా ఉన్నాయని దుప్పట్లు పెంచకండి. ఛాతీ మీదో, మెడ వెనకో చెయ్యి పెట్టి చూడండి. చెమటగా, వేడిగా ఉంటే ఒక పొర తగ్గించండి. ఆరాధనకు తెచ్చినప్పుడు కూడా అంతే. బిడ్డ ముఖం మీద గుడ్డ కప్పి ఎత్తుకోవద్దు. జ్వరంతో ఉన్న బిడ్డను చుట్టవద్దు.

ఇంకో మాట. ఆకలేసిన బిడ్డ ఏడవక ముందే చేతులు నోటి దగ్గరకు తెచ్చుకుంటుంది. చేతులు గుడ్డలో ఉంటే ఆ సైగ కనపడదు. మొదటి వారాల్లో బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. గుడ్డలో హాయిగా నిద్రపోతోంది కదా అని ఐదారు గంటలు వదిలేయడం మంచిది కాదు. పాలిచ్చేటప్పుడు గుడ్డ విప్పి బిడ్డను ఒంటికి ఆనించుకోండి. పగలు మెలకువగా ఉన్నప్పుడు కాళ్ళు చేతులు ఆడించుకోనివ్వండి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను చుట్టి పక్కన పెట్టడం కంటే తల్లి గుండెకు ఆనించి, చీరతోనో చున్నీతోనో కట్టుకోవడమే మంచి వైద్యం. కంగారూ సంరక్షణ అనే ఈ పద్ధతి 1970ల చివర్లో కొలంబియా దేశంలోని బొగొటా ఆసుపత్రిలో, ఇంక్యుబేటర్లు చాలని పరిస్థితిలో మొదలైంది. తండ్రి కూడా చొక్కా విప్పి చేయవచ్చు.

స్త్రీల సమాజం వారు పురిటి ఇంటికి వెళ్ళేటప్పుడు బొచ్చు దుప్పట్లు, ఫ్రిల్లుల గౌన్లు కొంటుంటారు. వాటి బదులు నాలుగైదు పలుచని నూలు గుడ్డలు ఇస్తే ఆ తల్లి ఎక్కువ సంతోషిస్తుందని నా అభిప్రాయం. కొత్తవైతే గంజి, రంగు పోయేలా ఒకసారి ఉతికి ఇవ్వండి. ఒకటి తడిస్తే ఒకటి ఉండాలి, వానాకాలంలో ఆరవు కదా. బిడ్డ దొర్లడం మొదలుపెట్టాక కూడా అవి వృథా కావు. భుజం మీద వేసుకుని తేన్పు తెప్పించడానికి, మందిరంలో పాలిచ్చేటప్పుడు పైట మీద కప్పుకోవడానికి, చాప మీద పరచడానికి, స్నానం తర్వాత తడి అద్దడానికి పనికొస్తాయి. చిరిగాక పలకలు తుడుచుకోవడానికి.