చీనా భాషాభ్యాసము – విద్యార్థివేతనములు

బోధను ప్రాంతపు బాలురకు చక్కెర సంగతి యొకరు చెప్పనక్కరలేదు. 1937లో వెలసి 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమును, దాని చుట్టును పెరిగిన శక్కర్‌నగరును వారి పెద్దల బ్రతుకుతో పెనవైచుకొన్నవి. ఆ చక్కెరకే హిందీలో చీనీ యని పేరు. చీనా దేశమునకు సంబంధించినదని దాని యర్థము. చిత్రమేమనగా, ఏడవ శతాబ్దమున థాంగ్ వంశపు చక్రవర్తి థైజుంగ్, చక్కెర వండు విధమును నేర్చి రమ్మని మగధకు మనుష్యులను పంపెనని చీనా చరిత్రగ్రంథములు చెప్పుచున్నవి. విద్య యిచటినుండి పోయినది. పేరు మాత్రము అచటినుండి వచ్చినది.

ఆ దేశపు భాషను చదువగోరు పిల్లలకు ధనసహాయ మెచట దొరకునని తలిదండ్రులు కొందరు మమ్మడిగిరి. సహాయము కలదు. అయితే అది ముందుగా కొంత భాష నేర్చినవానికే సులభముగా చేతికందును. కావున మొదట భాషను గూర్చి నాలుగు మాటలు చెప్పెదము.

చీనాలో స్వరభేదముచేత అర్థము మారును. ‘థాంగ్’ అను పలుకునే తీసికొందము. సమముగా సాగదీసిన పులుసువంటి చారు. పైకెత్తి పలికిన చక్కెర. దించి యెత్తిన పండుకొనుట. పైనుండి దిగవిడిచిన చుఱుక్కున కాలుట. భోజనపు బల్లయొద్ద పొరపడినచో నవ్వులపాలగుదుము! అయినను మనకొక మేలున్నది. చీనాలో త-థ, ప-ఫ, క-ఖ ల భేదము ముఖ్యము. ఇంగ్లీషువారు దీనికై మిక్కిలి శ్రమపడుదురు. మన బాలుడు ఓనమాలతోనే వత్తక్షరములను నేర్చియున్నాడు. ఇక లిపి. చక్కెర యను అక్షరమున ఎడమవైపు బియ్యపు గుర్తును, కుడివైపు థాంగ్ వంశపు పేరును ఉండును. మొదటిది అర్థమును సూచించును, రెండవది ధ్వనిని. అక్షరములలో అధికభాగ మీ తీరుననే కూర్పబడినవి. ఈ కీలు తెలిసిన పిమ్మట కొండవలె కనబడినది మెట్లవలె కనబడును.

మన దేశమున నేర్చుకొను చోట్లు కలవు. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున చీనా బోధింపబడుచున్నది. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున ఇంటర్మీడియటు ముగించినవారు ఉమ్మడి ప్రవేశపరీక్ష వ్రాసి చీనా బి.ఏ. ఆనర్సులో చేరవచ్చును, పూర్వము ఆ భాష నేర్చియుండ నక్కరలేదు. శాంతినికేతనమున రవీంద్రనాథ ఠాకూరు, థాన్ యున్‌షాన్ పండితుని తోడ్పాటుతో నెలకొల్పిన చీనాభవనము కలదు. అదియు 1937లోనే తెరవబడినది, మన కర్మాగారము పుట్టిన యేడే.

చీనా ప్రభుత్వపు విద్యార్థివేతనము సంపూర్ణముగా లభించినచో జీతము, వసతి, ఆరోగ్యపు భీమా వారివే. ఖర్చులకై బి.ఏ. స్థాయివారికి నెలకు 2,500 యువానులు, ఎం.ఏ.కు 3,000, పరిశోధకులకు 3,500 చొప్పున ఇచ్చుట పద్ధతి. రాకపోకల ఖర్చు సాధారణముగా విద్యార్థిదే. బి.ఏ.కు వయస్సు 25 ఏండ్లకు లోబడియుండవలెను. ఆ స్థాయి చదువు చీనా భాషలోనే జరుగును గాన, భాష రానివారు ముందుగా ఒక యేడు దానినే చదువవలెను. హెచ్.ఎస్.కె. అను భాషాపరీక్ష ఇందులకు కొలబద్ద. పాత క్రమమున మొదటి మెట్టుకు 150 మాటలు, నాలుగవ మెట్టుకు 1,200 మాటలు. 2021లో తొమ్మిది మెట్ల క్రొత్త క్రమము ప్రకటింపబడినది.

భాష మాత్రమే చదువదలచినవారికి తైవాను ప్రభుత్వపు హువాయూ విద్యార్థివేతనము కలదు. పదునెనిమిదేండ్లు నిండి ఉన్నతపాఠశాల చదువు ముగించినవారు దీనికి అర్హులు. రెండు నెలలు మొదలు ఏడాదివరకు విశ్వవిద్యాలయ భాషాకేంద్రమున చదువవచ్చును. జీతమును ఆ వేతనమునుండియే చెల్లించుకొనవలెను. తైవానులో పాత లిపి, చీనాలో కుదించిన లిపి వాడుకలో నున్నవని మరువరాదు.

వైద్యవిద్య మాట వేరు. చీనాకు పోయిన మన విద్యార్థులలో పెక్కుమంది దానికై పోయినవారే. 2020లో అంటువ్యాధివలన సరిహద్దులు మూయబడి, 2022 ఆగస్టు వరకు వారికి తిరుగు వీసాలు దొరకక యిండ్లయందే కూర్చుండిరి. భారతదేశపు 2021 నాటి నిబంధనల ప్రకారము విదేశమున వైద్యవిద్య ఇంగ్లీషులోనే చదివి యుండవలెను. అంతమాత్రముచేత చీనా భాష అక్కరలేదని కొందరు మధ్యవర్తులు చెప్పుదురు. మేము దీనిని నమ్మము. మంచముపై నున్న రోగి ఎచట నొప్పియని చెప్పునది చీనాలోనే గదా! భూమి తాకట్టు పెట్టి రుసుము కట్టుటకు ముందు, ఆ విశ్వవిద్యాలయము పేరును, చదువు ఏ భాషలో జరుగునదియు, జాతీయ వైద్య కమిషను నిబంధనలతో తామే సరిచూచుకొనవలెనని తండ్రులకు మా మనవి. నిజమైన విద్యార్థివేతనమునకు దళారితో పనిలేదు. దరఖాస్తును విద్యార్థియే పంపవచ్చును.

దరఖాస్తులు పెక్కు సంవత్సరాది నెలలలో పుచ్చుకొందురు గాన, పరీక్షలు దగ్గరపడువేళకు ముందే కాగితములు సిద్ధపరచుకొనుట మేలు. మన పిల్లల కాగితములలో తరచు కనబడు చిక్కు ఇంటిపేరు. పదవ తరగతి పత్రమున అది పొడి అక్షరముగను, పాస్‌పోర్టున పూర్తిగను ఉండును. పరదేశపు గుమాస్తా వారిద్దరును వేర్వేరు మనుష్యులని తలచును. పాస్‌పోర్టు కోరునప్పుడే పదవ తరగతి పత్రమును ఎదుట పెట్టుకొని, పేరును అక్షరమక్షరము సరిచూచి వ్రాయవలెను.