రైలు పట్టాల వాలుకు నిష్పత్తి ఎందుకు?

సికింద్రాబాద్ స్టేషన్‌లో ఇంజన్ విడదీశాక పెట్టెలు వాటంతటవే దొర్లిపోకూడదు. అందుకే స్టేషన్లలో పట్టాల వాలు 1:400 మించకూడదని రైల్వే నిబంధన. 1:1200 అయితే మరీ మేలు. అంటే 1200 మీటర్ల దూరానికి ఒక్క మీటరు ఎత్తు. ‘ఎత్తు మీటరు దాటకూడదంటే సరిపోదా?’ అని మీరు అడగొచ్చు. సరిపోదు. ఆ మీటరు ఎత్తు 400 మీటర్లలో పెరిగితే వాలు కంటికి ఆనదు. పది మీటర్లలోనే పెరిగితే మామూలు రైలు ఎక్కలేదు. ఎత్తు ఒకటే, వాలు వేరు. 400 మీటర్లకు ఒక మీటరు, 600 మీటర్లకు ఒకటిన్నర మీటర్లు తీసుకోండి: ఎత్తులు వేరు, వాలు ఒకటే. దూరాన్ని ఎత్తుతో భాగిస్తే రెండుచోట్లా 400 వస్తుంది.

‘400 కన్నా 1200 పెద్దది కదా, వాలూ ఎక్కువే’ అనుకోవద్దు. అదే ఎత్తుకు దూరం పెరిగేకొద్దీ వాలు తగ్గుతుంది. పట్టాల పక్కన వాలు తెలిపే పలక కనిపిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.