చాగోస్ పగడపు దీవులు

మన పాతబస్తీలోని చార్మినారునుండి దక్షిణముగా, కొంచెము పడమరకు మొగ్గి, సుమారు 2,800 కిలోమీటర్లు పోయినచో, భూమధ్యరేఖ కావల హిందూమహాసముద్రమధ్యమున చాగోస్ అను ద్వీపసమూహము కానవచ్చును. అందు సుమారు 60 చిన్న దీవులు కలవు. వానిలో పెద్దది డీగో గార్షియా. దాని నేల 27 చదరపు కిలోమీటర్లు మాత్రమే.

ఇంత చిన్న నేలతో మన సోదరీమణులకేమి పని యని తోచవచ్చును. ఈ దీవులను చిరకాలము మారిషస్ నుండి పాలించిరి. ఆ మారిషస్‌కు పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి మొదలగు రేవులనుండి చెరకుతోటల కూలికై మన తెలుగువారు పోయిరి. నేటికిని అచట ఉగాది సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభ యచటనే జరిగినది. కావున చాగోస్ కథ మన బంధువుల యిరుగుపొరుగు కథయే.

ఇట్టి దీవులెట్లు పుట్టునో డార్విను పండితుడు 1842లో వివరించెను. సముద్రమున లేచిన అగ్నిపర్వతము చుట్టును పగడపు జీవులు గూడు కట్టుకొనును. పర్వతము మెల్లమెల్లగా క్రుంగిపోవుచుండగా పగడము పైకి పెరుగుచునే యుండును. తుదకు కొండ మాయమై, నడుమ నిశ్చలమైన కొలనును, చుట్టును గాజువలె వంకర తిరిగిన సన్నని నేలయు మిగులును. అచట ఏరులు లేవు. వాననీరు ఇసుకలో నింకి, ఉప్పునీటికంటె తేలికయగుటచే దానిపై పొరగా నిలుచును. ఆ పొరయే బావినీరు. మితిమీరి తోడినచో ఉప్పు పైకి వచ్చును.

పరాసులు పదునెనిమిదవ శతాబ్దాంతమున ఆఫ్రికా బానిసలను తెచ్చి యచట కొబ్బరితోటలు వేయించిరి. 1814లో దీవులు ఆంగ్లేయుల వశమయ్యెను. పిమ్మట భారతీయ కూలీలును చేరిరి. ఆడువారు కొబ్బరికాయలనుండి కురిడి తీయుచు, బిడ్డలను పెంచుచు, తరతరములుగా ఆ నేలనే స్వదేశముగా నెంచిరి.

1965 నవంబరు 8వ తేదీన బ్రిటిష్ ప్రభుత్వము చాగోస్‌ను మారిషస్ నుండి వేరుచేసి, బ్రిటిష్ హిందూమహాసముద్ర ప్రాంతమను క్రొత్త పాలన నేర్పరచెను. 1966లో అమెరికాతో ఒప్పందము చేసికొని డీగో గార్షియాను సైనికస్థావరమునకై యిచ్చెను. 1976 వరకు సీషెల్స్ గవర్నరే ఆ ప్రాంతమునకు కమిషనరు; ఆ పిదప అధికారము లండనునుండి నడచినది. 1971 నాటి శాసనము ననుమతి లేనిదే ఎవరును అడుగిడరాదనెను. 1968కిని 1973కిని నడుమ దీవివాసులందరును తరలింపబడిరి. వారి కుక్కలనుగూడ చంపించిరి. 1908లో మూసీ పొంగినపుడు మన బస్తీ యిండ్లను కూల్చినది నీరు. చాగోస్‌లో ఇండ్లను ఖాళీ చేయించినది కాగితము.

రీటా బాంకూల్ అను తల్లి 1968లో గాయపడిన కుమార్తెకు చికిత్స చేయించుటకై మారిషస్ వచ్చెను. బిడ్డ దక్కలేదు. తిరుగుప్రయాణమునకు ఓడ నడుగగా, మీ దీవిని అమ్మివేసిరి, ఇక పోవ వీలులేదనిరి. ఇట్టి స్త్రీలే మారిషస్ వీధులలో ముందు నిలిచిరి. షార్లేసియా అలెక్సిస్, లిజెట్ తలాట్ మొదలగువారు నిరాహారదీక్షలు చేసిరి, నిర్బంధములకును వెరవలేదు. 1982లో బ్రిటను 40 లక్షల పౌనుల పరిహారమిచ్చుటకు సమ్మతించెను. కాని ధనముకొరకు ఆంగ్లపత్రములపై వ్రేలిముద్రలు వేయవలసివచ్చెను. తిరిగివచ్చు హక్కును వదలుకొనుచున్నామని అందు వ్రాసియున్న సంగతి తమకు తెలియదని పలువురు పిమ్మట చెప్పిరి.

రీటా కుమారుడు ఒలివియే బాంకూల్ 2000లో లండను న్యాయస్థానమున గెలిచెను. 2004లో ప్రభుత్వము రాజశాసనముచే ఆ గెలుపును వ్యర్థపరచెను. 2008లో ప్రభువుల సభ న్యాయమూర్తులు ముగ్గురు ఆ శాసనమును సమర్థించిరి, ఇద్దరు వ్యతిరేకించిరి. 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానము చాగోస్‌ను వేరుచేయుట న్యాయసమ్మతము కాదని అభిప్రాయపడెను. 2025 మే 22న ఉభయదేశములును సంధిపత్రముపై సంతకము చేసినవి. దానిప్రకారము సార్వభౌమత్వము మారిషస్‌ది. డీగో గార్షియా మాత్రము 99 సంవత్సరములు బ్రిటను చేతిలోనుండును. తక్కిన దీవులలో ప్రజలను మరల నిలుపుటకు మారిషస్‌కు వీలు కలదు. తమ్మడుగకయే సంధి చేసిరని చాగోస్‌వారిలో కొందరి మొర.

సోదరీమణులు దీనినుండి గ్రహింపదగిన దొకటి కలదని మేము తలంచుచున్నాము. ఇంటిపత్రము గాని, పరిహారపత్రము గాని, చదివి తెలిసికొననిదే వ్రేలు మోపరాదు. చదువ రానిచో, నమ్మదగినవారిచే పూర్తిగా చదివించుకొనవలెను. సంతకమునకు ముందు పట్టెడి గడియ వ్యర్థము కాదు.